పొకీప్సీలో ఒక స్మారక ఫలకం: ఆనందీబాయి జోషి (1865–1887)

“భారతదేశపు తొలి మహిళా డాక్టరు ఎవరు?” అనే ప్రశ్న మీలో పోటీ పరీక్షలకు తయారవుతున్న వారికి బాగా తెలిసినదే. బజారులో దొరికే జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో కొన్ని ఆనందీబాయి జోషి అంటాయి, కొన్ని కాదంబినీ గంగూలీ అంటాయి. కొన్నేళ్ల క్రితం ఒక పరీక్ష ‘కీ’ మీద వచ్చిన అభ్యంతరాలను పరిశీలించే కమిటీలో నేనూ కూర్చున్నాను. ఇచ్చిన నాలుగు పేర్లలో ఈ ఇద్దరూ ఉన్నారు. రెండు పక్షాల అభ్యర్థులూ పుస్తకాల జిరాక్సులు జతచేసి పంపారు. గంటసేపు చర్చించి, ఆ ప్రశ్ననే రద్దు చేసి అందరికీ ఒక మార్కు కలిపాం. ఆ రోజు మాలో ఎవరమూ ‘తొలి’ అనే మాటను పరీక్షించి చూడలేదు. దేనిలో తొలి? ఎవరిలో తొలి? ఎవరు నిర్ణయించిన తొలి?

ఈ పాఠంలో ఆ పని చేద్దాం. అందుకు ఆధారంగా ఒక చిన్న రాతిని తీసుకుంటున్నాను.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున పొకీప్సీ అనే ఊరు ఉంది. అక్కడి లెక్కలో నగరమే కాని, జనాభా సుమారు 30,000. మన దగ్గర ఒక పాత తాలూకా కేంద్రమంత అనుకోండి. ఆ ఊరి శ్మశానవాటికలో, కార్పెంటర్ అనే అమెరికన్ కుటుంబానికి చెందిన స్థలంలో, ఒక మరాఠీ యువతి చితాభస్మాన్ని ఉంచారు. దాని గుర్తుగా ఒక రాయి ఉంది. రాతిమీద ఆమె పేరు, పేరు పక్కన ఎం.డి. అనే రెండక్షరాలు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, వాటి కింద ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉన్నాయి. విద్య కోసం భారతదేశం విడిచి వెళ్లిన మొదటి బ్రాహ్మణ స్త్రీ అని ఆ వాక్యానికి అర్థం.

నా దగ్గర చదువుకున్న విద్యార్థి ఒకరు ఉద్యోగరీత్యా ఆ ప్రాంతంలో ఉంటున్నారు. ఒక ఆదివారం అక్కడికి వెళ్లి ఫోటో తీసి పంపారు. దానితోపాటు ఒక ప్రశ్న కూడా పంపారు: “సార్, ఆవిడ డాక్టరు కదా. తొలి డాక్టరు అని రాయకుండా తొలి బ్రాహ్మణ స్త్రీ అని ఎందుకు రాశారు?” నలభై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినవాడిని. ఇంత సూటి ప్రశ్న తరగతిలో ఎప్పుడో గాని రాలేదు.

రాతిని ఆధారంగా చదవడం

శాసనాలను ఎలా చదవాలో వెనుకటి పాఠాల్లో చూశారు. వేయించినది ఎవరు, ఎక్కడ వేయించారు, ఎవరు చదవాలని వేయించారు, ఏమి చెప్పారు, ఏమి చెప్పకుండా వదిలేశారు అని అడగాలి. గుంటూరు ప్రాంతంలోని 1261 నాటి మల్కాపురం శాసనం మీకు గుర్తుండే ఉంటుంది. కాకతీయ రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యుల మఠానికి అనుబంధంగా ఒక ఆరోగ్యశాల, ఒక ప్రసూతిశాల ఉండేవని ఆ శాసనం వల్లనే తెలిసింది. పాలకుల పేర్లు మనకు తెలుసు, ఆచార్యుల పేరూ తెలుసు. ఆ ప్రసూతిశాలలో పురుడు పోసిన మంత్రసానుల పేర్లు మాత్రం చరిత్రలోకి రాలేదు. రాళ్లు ఎవరి తరఫున మాట్లాడతాయో గమనించడానికి ఇది మంచి ఉదాహరణ.

ఆధునిక స్మారక ఫలకాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఆసుపత్రి గోడమీద ఉన్న శంకుస్థాపన ఫలకమైనా, పొకీప్సీలోని ఈ సమాధి రాయి అయినా చనిపోయిన వ్యక్తి గురించి ఎంత చెబుతుందో, ఆ రాతిని నిలబెట్టినవారి ఆలోచన గురించి కూడా అంతే చెబుతుంది. కాబట్టి ముందు ఆమె జీవితం, తరవాత రాతిమీది మాటలు చూద్దాం.

ఆమె 1865 మార్చి 31న పుట్టింది. పుట్టింటివారు పెట్టిన పేరు యమున. తొమ్మిదో ఏట గోపాలరావు జోషి అనే తపాలా శాఖ గుమాస్తాతో పెళ్లయింది. ఆయన మొదటి భార్య చనిపోయింది, వయసులో ఈమె కంటే దాదాపు 20 ఏళ్లు పెద్ద. అత్తవారింట ఆమె ఆనందీబాయి అయింది. పద్నాలుగో ఏట కొడుకు పుట్టి పది రోజులకే పోయాడు. ఆ కాలంలో ఇలాంటి మరణం అరుదేమీ కాదు. అయితే స్త్రీలను చూసే స్త్రీ వైద్యులు లేకపోవడం ఆనందీబాయికి ఇక ఇంటి అనుభవమే అయింది. తరవాత అమెరికన్ కళాశాలకు పెట్టుకున్న దరఖాస్తులో ఆమె రాసినదాని సారాంశం ఇది: మా దేశపు స్త్రీలు పురుష వైద్యుడి చేత చూపించుకోవడం కన్నా చావడానికే సిద్ధపడతారు, వారికి నిజమైన వైద్య సహాయం అందించడానికే నేను చదవదలచుకున్నాను.

గోపాలరావుకు భార్యను చదివించాలనే పట్టుదల మొదటి నుంచీ ఉంది. బదిలీల మీద అలీబాగ్, కొల్హాపూర్, బొంబాయి, భుజ్, కలకత్తా, శ్రీరాంపూర్ తిరిగిన మనిషి. కొల్హాపూర్‌లో ఉన్నప్పుడు, భార్యను అమెరికాలో చదివించడానికి సహాయం కోరుతూ రాయల్ వైల్డర్ అనే మిషనరీకి ఉత్తరం రాశాడు. వైల్డర్ ఆ ఉత్తరాన్నీ, ముందు క్రైస్తవ మతం పుచ్చుకోండి అనే ధోరణిలో తానిచ్చిన జవాబునూ తన పత్రికలో అచ్చువేశాడు. న్యూజెర్సీలోని రోసెల్ అనే ఊళ్లో థియోడీషియా కార్పెంటర్ అనే గృహిణి పళ్ల డాక్టరు దగ్గర తన వంతు కోసం వేచి ఉంటూ ఆ పత్రిక తిరగేసింది. ఆ జవాబు కన్నా ఆ ఉత్తరమే ఆమె మనసులో నిలిచింది. 1880లో ఆనందీబాయికి స్వయంగా రాసింది. అలా మొదలైన ఉత్తరాలు మూడేళ్లు నడిచాయి. ఆనందీబాయి ఆమెను పిన్నిగా భావించి అలాగే సంబోధించేది. చరిత్రలో ఇలాంటి యాదృచ్ఛిక సంఘటనలకు మరీ ఎక్కువ విలువ ఇవ్వకూడదని మేము విద్యార్థులకు చెబుతుంటాం. ఇక్కడ మాత్రం పళ్ల డాక్టరు దగ్గరి ఆ నిరీక్షణను పక్కన పెట్టలేం. ఆ రాయి పొకీప్సీలో ఉండడానికి మూలం అక్కడే ఉంది.

1883 ఫిబ్రవరి 24న శ్రీరాంపూర్ కళాశాల హాలులో ఆనందీబాయి ఇంగ్లీషులో ఉపన్యసించింది. వయసు ఇంకా 18 నిండలేదు. వీధిలో జనం తనను అడిగే ప్రశ్నలనే ఆరుగా ఏర్చి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. అమెరికాకే ఎందుకు? ఇక్కడ చదివే మార్గం లేదా? ఒంటరిగా ఎందుకు? తిరిగి వస్తే వెలివేయరా? అక్కడ ఆపద వస్తే ఏం చేస్తావు? ఏ ఆడదీ చేయని పని నువ్వే ఎందుకు చేయాలి? ఈనాటికీ ఊరు దాటి చదువుకోబోయే ఆడపిల్లను ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు వీటికి మరీ దూరంగా లేవు. వెలి ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు ముఖ్యం. హిందువుగానే వెళతాను, హిందువుగానే తిరిగివచ్చి ఇక్కడే బతుకుతాను అంది. అదే ఏడు ఏప్రిల్‌లో కలకత్తాలో ఓడ ఎక్కి జూన్‌లో న్యూయార్క్ చేరింది.

‘బ్రాహ్మణ’ అనే మాట

ఇప్పుడు నా విద్యార్థి ప్రశ్నకు వద్దాం. ఆ రాతిమీద కులం ఎందుకు?

మొదటి కారణం ఆ మాటలను చదివే పాఠకులు. 19వ శతాబ్దపు అమెరికాలో భారతదేశం గురించి తెలిసినదానిలో ఎక్కువ భాగం మిషనరీ పత్రికల ద్వారా తెలిసినదే. ఆ పత్రికల్లో ‘ఉన్నత కులపు హిందూ స్త్రీ’ అంటే గడప దాటనిది, అక్షరం ఎరగనిది, బయటివారి కంటపడనిది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన యువతి తమ మధ్య చీర కట్టుకుని, శాకాహారం తింటూ, శరీర నిర్మాణ శాస్త్రం చదవడం వారికి నమ్మశక్యం కాని విషయం. ఫిలడెల్ఫియాలో ఆమె చదివిన కళాశాల డీన్ రేచల్ బాడ్లీ ముందుమాటతో 1887లో వెలువడిన పండిత రమాబాయి పుస్తకం పేరే ‘ఉన్నత కులపు హిందూ స్త్రీ’ అనే అర్థం వచ్చేది. రమాబాయి దాన్ని తన తల్లి స్మృతికి అంకితమిచ్చింది. అమెరికన్ పాఠకుల సానుభూతినీ, విరాళాలనూ కదిలించిన మాట అది. ఆ విరాళాల బలంతోనే రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదనం తెరిచింది.

రెండో కారణం ఆనందీబాయి స్వయంగా ఆ గుర్తింపును వదులుకోకపోవడం. ఎం.డి. పట్టా కోసం ఆమె సమర్పించిన వ్యాసం ఆర్య హిందువులలో ప్రసూతి పద్ధతుల గురించినది. ఆ శీర్షికలోని ‘ఆర్య’ అనే మాటను గమనించండి. ఆ కాలపు మహారాష్ట్ర విద్యావంతుల్లో ఆ మాటకు చాలా గౌరవం ఉంది. సముద్రం దాటితే కులభ్రష్టత్వం అనే కట్టుబాటును ఆమె ధిక్కరించింది గాని, కులం చేకూర్చిన గౌరవాన్ని ప్రశ్నించలేదు. ఆమె ధైర్యాన్ని తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇంగ్లీషులో ఉత్తరాలు రాయగల భర్త, ప్రభుత్వ కొలువు, పత్రికలతోనూ మిషనరీలతోనూ పరిచయం ఇవన్నీ ఆ ఇంట్లో ఎందుకు ఉన్నాయో, పొరుగున ఉన్న సాలె ఇంట్లోనో మాదిగ ఇంట్లోనో ఎందుకు లేవో చరిత్ర విద్యార్థి అడగాలి.

ఒక విచిత్రం చూడండి. ఆ ‘బ్రాహ్మణ’ అనే విశేషణమే రాతిమీది వాక్యాన్ని జాగ్రత్తగలదిగా చేసింది. చదువు కోసం దేశం దాటిన తొలి భారతీయ స్త్రీ అని రాసి ఉంటే అది తప్పయ్యేది. బెంగాలీ క్రైస్తవ కుటుంబానికి చెందిన కవయిత్రి తోరూ దత్ 1869లోనే తల్లిదండ్రులతో ఐరోపా వెళ్లి ఫ్రాన్స్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ చదువుకుంది. బ్రాహ్మణ స్త్రీలలో చూసినా తేడా కొద్ది వారాలే. రమాబాయి కూడా 1883లోనే ఇంగ్లండ్ వెళ్లింది, అదీ వైద్యం చదవాలనే. వినికిడి లోపం వల్ల ఆ ఆశ నెరవేరలేదు. మన పరీక్ష కీ కన్నా ఆ రాయి ఎక్కువ ఆచితూచి మాట్లాడిందని నాకనిపిస్తుంది.

మద్రాసు, విశాఖపట్నం, గుంటూరు

శ్రీరాంపూర్ ఉపన్యాసంలోని రెండో ప్రశ్న తెలుగు విద్యార్థులకు ప్రత్యేకంగా ముఖ్యమైనది. ఇక్కడే చదివే మార్గం లేదా? ఉంది. మద్రాసు వైద్య కళాశాల 1875లోనే స్త్రీలను చేర్చుకుంది. ఆ మొదటి జట్టులోని మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషు యువతి తరవాత లండన్‌లో ఉన్నత పట్టా పొంది, 1883లో మద్రాసుకు తిరిగివచ్చి, గోషా స్త్రీల కోసం 1885లో అక్కడ ఆసుపత్రి ఏర్పడడానికి ముఖ్య కారకురాలైంది. 1878లో కృపాబాయి అనే భారతీయ క్రైస్తవ యువతి కూడా అదే కళాశాలలో చేరింది. ఆరోగ్యం సహకరించక చదువు మాని, తరవాత కృపాబాయి సత్యనాథన్‌గా ఇంగ్లీషు నవలలు రాసింది. కలకత్తా కళాశాల ఇంకా స్త్రీలను చేర్చుకోని రోజుల్లో, 1882లో, అబలా దాస్ బెంగాల్ నుంచి మద్రాసుకు వచ్చి చదివింది. ఈమెనే తరవాత అబలా బోస్‌గా ఎరుగుదుం.

ఆనందీబాయికి ఈ సంగతి తెలుసు. మద్రాసు కళాశాలను ఆమె తన ఉపన్యాసంలో ప్రస్తావించింది కూడా. అక్కడ ఇచ్చే చదువు అరకొరగా ఉందనీ, బోధించేవారు పాతకాలపు ఆలోచనలు గలవారనీ, కొంత అసూయ కూడా ఉందనీ ఆమె అభిప్రాయం. ఇది న్యాయమైన తీర్పా? పూర్తిగా కాదని నా ఉద్దేశం. షార్లీబ్ అక్కడ చదివే పైకి వచ్చింది. అయితే పురుషులతో కలిసి కూర్చుని, పురుషుల చేత పాఠాలు చెప్పించుకోవలసిన చోటికీ, స్త్రీలే నడిపే కళాశాలకూ మధ్య ఉన్న తేడా ఆ వయసు యువతికి చిన్నది కాదు.

ఇక్కడ ఒక తెలుగు పేరు చెప్పాలి. ఆనీ వార్డ్‌లా జగన్నాథం 1864లో, అంటే ఆనందీబాయి కంటే ఒక ఏడు ముందు, విశాఖపట్నంలో పుట్టింది. తండ్రి పులిపాక జగన్నాథం లండన్ మిషన్‌కు చెందిన తెలుగు పాదిరి. ఆనీ మద్రాసు వైద్య కళాశాలలో చదివింది. 1888లో స్కాట్లండ్ వెళ్లి, సోఫియా జెక్స్‌బ్లేక్ నెలకొల్పిన ఎడిన్‌బరో మహిళా వైద్య విద్యాలయంలో చేరి అర్హత సంపాదించింది. తిరిగివచ్చి బొంబాయి కామా ఆసుపత్రిలో పనిచేసింది. 1894లో 30 ఏళ్ల వయసులో క్షయ వ్యాధితో చనిపోయింది. మీలో విశాఖపట్నం అధ్యయన కేంద్రానికి వెళ్లేవారు ఎందరు ఈ పేరు విన్నారో చేతులెత్తమని అడగాలని ఉంది. నేను కూడా ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గాని వినలేదు. ఆమె బ్రాహ్మణ స్త్రీ కాదు కాబట్టి, పొకీప్సీ రాతిమీది వాక్యంలాంటి వాక్యం ఆమెకు కుదరదు. ‘తొలి’ అని చెప్పడానికి పనికివచ్చే కులమూ లేదు, విరాళాలు కదిలించే కథా లేదు. అంతమాత్రాన ఆమె చేసిన ప్రయాణం చిన్నది కాదు.

ఇక గుంటూరు సంగతి. ఆనందీబాయి చేరిన పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల 1850లో ఫిలడెల్ఫియాలో ఏర్పడింది. స్త్రీలకు వైద్యవిద్య నేర్పడానికే పుట్టిన కళాశాల అది. 1879లో అక్కడి నుంచి పట్టా పొందినవారిలో ఆనా సారా కుగ్లర్ ఒకరు. 1883లో ఆనందీబాయి కలకత్తా నుంచి అమెరికాకు బయలుదేరితే, అదే ఏడు కుగ్లర్ అమెరికా నుంచి గుంటూరుకు బయలుదేరింది. ఒకే కళాశాల, ఒకే సంవత్సరం, ఎదురెదురు ప్రయాణాలు. కుగ్లర్‌ను పంపిన లూథరన్ మిషన్ ఆమెను మొదట వైద్యురాలిగా కాక స్త్రీలకు చదువు చెప్పే ఉపాధ్యాయురాలిగానే నియమించింది. మందుల పెట్టె మాత్రం ఆమె వెంటే ఉంది. వైద్య మిషనరీగా గుర్తింపు 1885లో గాని రాలేదు. స్త్రీ వైద్యం చేస్తుందంటే నమ్మనివారు శ్రీరాంపూర్‌లోనే కాదు, అమెరికాలోనూ ఉన్నారని దీనివల్ల తెలుస్తుంది. 1898 నాటికి గుంటూరులో ఆమె పూనికతో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి లేచింది. 1930లో అదే ఊళ్లో చనిపోయేదాకా కుగ్లర్ అక్కడే ఉంది. ఆ ఆసుపత్రి ఆమె పేరుతోనే నిలిచింది. మీ ఇంట్లో అమ్మమ్మలెవరైనా కుగ్లర్ ఆసుపత్రి కాన్పు గురించి చెప్పి ఉంటే, అది మౌఖిక చరిత్ర కిందికి వస్తుంది. రాసి పెట్టుకోండి.

రెండు సంవత్సరాల మధ్య గీత

1865–1887. సమాధి రాళ్ల మీద ఈ రెండు అంకెల మధ్య ఉండే చిన్న గీతను మనం సాధారణంగా దాటవేస్తాం. ఇక్కడ ఆ గీత పొడవు 22 ఏళ్లు కూడా లేదు.

ఆనందీబాయి ఫిలడెల్ఫియాలో గడిపిన ఏళ్ల గురించి ఎక్కువగా తెలిసిన ఫోటో ఒకటి ఉంది. 1885 అక్టోబరు 10న తీసినది. అందులో ముగ్గురు యువతులు తమ తమ దేశాల దుస్తుల్లో కూర్చుని ఉంటారు. ఒకరు ఆనందీబాయి, రెండోవారు జపాన్ నుంచి వచ్చిన కేయి ఒకామి, మూడోవారు సిరియా నుంచి వచ్చిన సబత్ ఇస్లాంబూలీ. ముగ్గురూ తమ తమ దేశాల్లో పాశ్చాత్య వైద్యం చదివిన తొలి స్త్రీలలో లెక్కకు వస్తారు. ఆ ఫోటోలో చీర కనిపిస్తుంది గాని చలి కనిపించదు. కాళ్లు పూర్తిగా కప్పని తొమ్మిది గజాల కట్టు ఆ చలికి ఆగక ఆనందీబాయి గుజరాతీ పద్ధతి చీరకట్టుకు మారింది. తిండిలో మాత్రం ఏమీ మార్చుకోలేదు. అక్కడే ఆరోగ్యం దెబ్బతింది. 1886 మార్చి 11న పట్టా అందుకున్నప్పుడు రమాబాయి ఇంగ్లండ్ నుంచి వచ్చి సభలో కూర్చుంది. కొల్హాపూర్ సంస్థానం ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో స్త్రీల వార్డు బాధ్యత ఇస్తామని కబురు చేసింది. ఆమె ఒప్పుకుంది. ఆ ఏడాది చివర స్వదేశం చేరేనాటికే క్షయ ముదిరింది. 1887 ఫిబ్రవరి 26న పూనాలో చనిపోయింది. కొల్హాపూర్ ఉద్యోగంలో ఒక్క రోజు కూడా చేరలేదు.

ఇక్కడే కాదంబినీ గంగూలీని తలచుకోవాలి. కలకత్తా వైద్య కళాశాలలో 1884లో చేరి, 1886లో అర్హత పొంది, 1893లో ఎడిన్‌బరో తదితర చోట్ల మరికొన్ని అర్హతలు సంపాదించి, పిల్లలను పెంచుతూ, 1923లో కన్నుమూసేదాకా వైద్యం చేసిన మనిషి ఆమె. కాబట్టి పరీక్షలో మీరు ఏ జవాబు రాసినా ప్రశ్న ఏమి అడిగిందో చూసుకోండి. విదేశంలో ఎం.డి. పట్టా పొందిన తొలి భారతీయ స్త్రీ అంటే ఆనందీబాయి. ఈ దేశంలోనే చదివి, ఇక్కడే దశాబ్దాల పాటు రోగులను చూసిన తొలి తరం స్త్రీల గురించి అడిగితే కాదంబిని పేరు ముందుకు వస్తుంది. ‘తొలి మహిళా డాక్టరు’ అని ఊరకే అడగడం ప్రశ్న కూర్చినవారి లోపం. ఆ లోపంలో మా కమిటీకీ భాగం ఉంది.

రాయి చెప్పనివి

ఆనందీబాయి గురించి వచ్చిన సినిమాలు, నాటకాలు, పిల్లల పుస్తకాలు చాలావరకు గోపాలరావును భార్యను చదివించిన ఆదర్శ భర్తగా చూపుతాయి. చదివించిన మాట నిజం. ఆమె అమెరికా నుంచి ఆయనకు రాసిన ఉత్తరాల్లో ఇంకో నిజం కూడా ఉంది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు కట్టెపేళ్లతో కొట్టడం, కుర్చీలు విసరడం, వదిలేసి పోతానని బెదిరించడం ఆమె మరచిపోలేదు. హిందూ స్త్రీకి భర్తను ఎదిరించే హక్కు లేదు కనుక భరించానని ఆయనకే రాసింది. అదే భర్త పట్టుదల లేకపోతే తాను ఇంత దూరం వచ్చేదాన్ని కాదని కూడా ఆమెకు తెలుసు. ఈ రెండింటిలో ఒకదాన్ని దాచి రెండోదాన్ని చెప్పడం జీవిత చరిత్రకారుల అలవాటు. మీరు సంఘసంస్కరణ గురించి అసైన్‌మెంటు రాసేటప్పుడు ఈ ఉదాహరణను గుర్తుంచుకోండి. 19వ శతాబ్దంలో స్త్రీ విద్యను కోరిన పురుషులందరూ స్త్రీ స్వేచ్ఛను కోరలేదు.

ఇంకొక సంగతి రాతిమీద లేదు గాని, రాయి ఉన్న చోటు చెబుతుంది. కట్టుకున్నవాడే ఆమె చితాభస్మాన్ని అమెరికాకు, థియోడీషియా కార్పెంటర్‌కు పంపాడు. ఆమె దాన్ని తన కుటుంబంవారి మధ్య ఉంచింది. హిందువుగానే తిరిగి వస్తానని చెప్పిన మనిషి మాట నిలబెట్టుకుంది. అస్థికలను గంగలోనో గోదావరిలోనో కలపవలసిన సంప్రదాయంలో పుట్టినది. చివరకు ఆమె చితాభస్మం హడ్సన్ ఒడ్డున, మూడేళ్ల పాటు ఉత్తరాలు రాసి, ఆ తరవాత ఇంట్లో చోటిచ్చిన ఒక ‘పిన్ని’ దగ్గరికి చేరింది. నా విద్యార్థి పంపిన ఫోటోలో రాతి చుట్టూ ఉన్నవి ఆ ఇంటివారి సమాధులే. కులం పేరు చెక్కిన రాయి, కులం పట్టని చుట్టరికం మధ్య నిలబడి ఉంది.

కృత్యం

మీ మండల కేంద్రంలోనో జిల్లా కేంద్రంలోనో 1960కి ముందు కట్టిన ఆసుపత్రి ఒకదాన్ని ఎంచుకోండి. ప్రభుత్వానిదైనా, మిషన్‌దైనా, దాత కట్టించినదైనా ఫరవాలేదు. అక్కడి శంకుస్థాపన, ప్రారంభోత్సవ ఫలకాల మీది ప్రతి అక్షరాన్నీ యథాతథంగా రాసుకోండి. సున్నం కప్పిన అక్షరాలుంటే వేలితో తడిమి చూడండి. ఎవరి పేరు పెద్దదిగా చెక్కారో, ఎవరి బిరుదులు ఎన్ని వరసలు ఆక్రమించాయో లెక్కపెట్టండి. ఆ ఆసుపత్రిలో మొదట పనిచేసిన డాక్టరు పేరు, మొదటి నర్సు పేరు ఫలకం మీద ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఊళ్లో 80 దాటిన వారిని ఇద్దరిని అడగండి. దొరికిన పేర్లను, చెప్పినవారి అనుమతితో, రెండు పేజీలకు మించకుండా రాసి అధ్యయన కేంద్రంలో ఇవ్వండి. ఫోటో మాత్రం ముందే తీసి పెట్టుకోండి. మంత్రిగారు వస్తున్నారంటే పాత ఫలకం మీద కొత్త రంగు పడడానికి ఒక రాత్రి చాలు.